తెల్లచీటీ మీద నమ్మకం

"మిర్చి వ్యాపారం నమ్మకం మీద నడుస్తుందండీ, కాయితాల మీద కాదు."

గుంటూరులో ఈ మాట చెవిన పడకుండా ఒక్క సీజనూ గడవదు. యార్డులో కమీషన్ కొట్టు గద్దె మీద కూర్చున్న పెద్దమనిషి అంటాడు. రిటర్నులు వేసి వేసి విసిగిపోయిన ఆడిటరు అంటాడు. ఆఖరికి చీటీ చేత్తో పట్టుకుని నిలబడ్డ రైతు కూడా, అనక ఏం చేస్తాం అన్నట్టు తలాడిస్తాడు. దీనికి తోకగా ఇంకో మాట ఉంది. లెక్కల చట్టాలు కంపెనీలకి. కొట్టు పెట్టుకున్న సామాన్యుడి మీద వాటిని రుద్దితే అతను కొట్టు కట్టేస్తాడు, అప్పుడు నాట్ల వేళ రైతుకు పెట్టుబడి ఇచ్చే నాథుడుండడు.

ఈ వాదాన్ని కాదన్నవాణ్ణి మా ఊళ్ళో పన్నుల శాఖ తాలూకు మనిషి కింద జమకడతారు. నాకా చుట్టరికం లేదు. పట్నంబజారులో గుమాస్తా కొడుకుని. మా నాన్న ముప్పై ఏళ్ళ పైచిలుకు ఒకే కొట్లో పద్దులు రాశాడు. పగటి చిట్టా రాత్రికి ఆవర్జాలో ఎక్కాల్సిందే, ఇంట్లో పెళ్ళయినా సరే. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పైన సరైన అంకె వేసేవాడు. కొట్టేసిన అంకె కూడా కనపడాలి. రబ్బరుతో చెరిపిన అంకె ఆయన దృష్టిలో దొంగతనంతో సమానం. అందుకని, వ్యాపారానికి కాయితాలతో పనిలేదన్న మాట మొదటిసారి విన్నప్పుడు వంటకి పొయ్యితో పనిలేదన్నట్టు వినిపించింది నాకు.

సరే, ఆ నమ్మకం సంగతే చూద్దాం.

పైరు పెట్టే రోజుల్లో రైతు కమీషన్ కొట్టుకు వచ్చి లక్ష రూపాయలు అడుగుతాడు. ఇస్తారు. నమ్మకంతోనే ఇస్తారు. ఇచ్చే ముందు ప్రోనోటు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దానిమీదుగా సంతకం పెట్టిస్తారు. మొత్తం రాయాల్సిన చోటు చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షను ఆ ఖాళీని నింపుకునే అధికారం నోటు పుచ్చుకున్నవాడికి ఇస్తుంది. 118వ సెక్షను ఇంకో మెట్టు పైకెళ్ళి, సొమ్ము ముట్టినట్టే మొదట అనుకోమని కోర్టుకి చెబుతుంది. ముట్టలేదనో, ముట్టింది తక్కువనో రుజువు చేసుకోవాల్సింది సంతకం పెట్టినవాడే. ఇంత బలమైన కాయితం మన చట్టాల్లో అరుదు. అదే రైతు ఫిబ్రవరిలో కాయలు తెచ్చి అమ్మితే అతని చేతికి వచ్చేది అరచేతి వెడల్పు తెల్లచీటీ. కొట్టు పేరుండదు. తేదీ ఉంటే ఉంటుంది. సంతకం మాత్రం ఉండదు.

నమ్మకమే అయితే రెండు వైపులా చీటీలుండాలి కదా. ఉన్నది మాత్రం రైతు అప్పుకి నోటు, కొట్టు బాకీకి చీటీ. కాయితాల మీద నమ్మకం లేదనే వర్తకుడు నిజానికి కాయితం విలువ మనందరికంటే బాగా ఎరిగినవాడు. ఎరిగినవాడు కాబట్టే మంచి కాయితం తన దగ్గర పెట్టుకుని, పనికిరాని కాయితం ఎదుటివాడికిస్తాడు.

ఒక చీటీని దగ్గరగా చూపిస్తాను. మా మేనమామది దర్శి దగ్గర ఊరు. 2025 మార్చిలో ఆయన వెంట మిర్చి యార్డుకు వెళ్ళాను. తెల్లవారుజామున లారీ దిగింది. కళ్ళు మండుతున్నాయి, తుమ్ములు ఆగడంలేదు, గోనెలు కోసి మచ్చు తీసి చూస్తున్నారు. బేరం నిమిషంలో అయిపోయింది. కాటా మధ్యాహ్నానికి. సాయంత్రం చీటీ వచ్చింది. ఏ కొట్టో చెప్పను. ఎవరి కొట్లో అయినా చీటీ ఇలాగే ఉంటుంది. దానిమీద పైనుంచి కిందికి ఏడు అంకెలున్నాయి. 42. 17-22. 10800. 185976. ఖ 9240. పా.బా. 136000. చివర రెండు గీతల మధ్య 40736. అంతే.

చదవడం తెలిస్తే ఇదొక గ్రంథం. 42 టిక్కీలు, అంటే సంచులు. 17 క్వింటాళ్ళ 22 కిలోలు. క్వింటాలు 10,800. మామయ్య పంపేముందు కల్లంలో తన కాటా మీద తూచుకున్నాడు. సంచికి కిలో చొప్పున గోనె బరువు తీసేశాక 17 క్వింటాళ్ళ 64 కిలోలు తేలింది. చీటీలో 17-22 ఉందంటే, గోనె పోగా సంచికి మరో కిలో తరుగు పోయిందన్నమాట. 42 కిలోలు, అంటే ఆ రోజు ధరకి 4,536 రూపాయలు. ఆ తరుగు చీటీలో ఎక్కడా లేదు. తీసేశాక మిగిలిన బరువే అసలు బరువులా కూర్చుంది. రాయని అంకె మీద దావా ఎవరు వేస్తారు?

'ఖ' అంటే ఖర్చులు. కమీషను ఎంత, హమాలీ ఎంత, కాటాకూలి ఎంత, ధర్మం పద్దు కింద ఎంత, అడిగితే గుమాస్తా నోటితో గబగబా చెప్పాడు, కలిపితే 9,240 రాలేదు. "ఏదో ఉంటుంది బాబాయ్, రౌండప్పు" అన్నాడు. ఇక 'పా.బా.', పాత బాకీ. ఆగస్టులో నాట్లప్పుడు తీసుకున్న లక్షా ఇరవై వేలు అసలు. నెలకి నూటికి రెండు చొప్పున 6 నెలల 20 రోజులకి వడ్డీ 16,000. ఈ లెక్క నేను మూడుసార్లు చేశాను. పైసా తేడా లేదు. వడ్డీని రోజులతో సహా కట్టగలిగిన కలం తరుగు దగ్గరికొచ్చేసరికి మూగబోయింది.

ఇంతకీ కాయలు కొన్నదెవరు? చీటీలో లేదు. దానికి మళ్ళీ వస్తాను.

ఈ చీటీ కోర్టులో నిలుస్తుందా? 1872 సాక్ష్య చట్టం 34వ సెక్షను వ్యాపారక్రమంలో సరిగ్గా రాసుకొచ్చిన పద్దుపుస్తకాలను సాక్ష్యంగా ఒప్పుకుంటుంది, అవి ఒక్కటే ఉంటే ఎవరినీ బాధ్యుణ్ణి చేయడానికి చాలవని కూడా చెబుతుంది. ఇప్పుడది 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియంలో 28వ సెక్షను. 1998లో హవాలా కేసులో, వి.సి. శుక్లా తీర్పులో, సుప్రీంకోర్టు ఇంకో గీత గీసింది. కుట్టిన పుస్తకం పుస్తకమే గానీ విడికాయితాలు పుస్తకం కిందికి రావంది. ఢిల్లీ పెద్దమనుషుల డైరీల గురించి పుట్టిన ఆ సూత్రం మన తెల్లచీటీ నెత్తిన ఎలా కూర్చుంటుందో ఊహించుకోండి. రైతు దగ్గరున్నది విడికాయితం, సంతకం లేనిది. కొట్లో ఉన్నది కుట్టిన పుస్తకం. అందులో ఏముందో ఆ కొట్టుకే తెలియాలి. ఒకటి కాదు, రెండు పుస్తకాలున్నాయనేది గుంటూరులో చిన్నపిల్లలకీ తెలిసిన సంగతే. దానికి పేరు కూడా పెట్టుకున్నాం, జీరో వ్యాపారమని. అంకెల్లో సున్నా కనిపెట్టిన దేశం కదా, ఎక్కడ వాడాలో మనకు చెప్పాలా?

ఇక్కడ వర్తకులొక మాటంటారు, అందులో నిజముంది. మన దగ్గర లెక్కల పుస్తకం అనగానే గుర్తుకొచ్చేది పన్ను ఆఫీసరు. ఎందుకు రాదు? సొంతంగా వ్యాపారం చేసుకునేవాణ్ణి పద్దు రాయమని అడిగే సాధారణ వర్తక చట్టం ఈ దేశంలో లేదు. కంపెనీలకి 2013 చట్టం ఉంది. భాగస్తులు ఒకరికొకరు నిజమైన లెక్క చెప్పాలని 1932 చట్టం అంటుంది. కొట్టు యజమాని ఒక్కడే అయితే అతన్ని పుస్తకం రాయమన్నది పన్ను చట్టాలే, ఉదాహరణకి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 44ఎఎ సెక్షను. మార్కెట్ల చట్టం, 1966 నాటిది, లైసెన్సు ఇచ్చి లెక్కలడుగుతుంది. అక్కడా కన్ను సెస్సు మీదే. పుస్తకం అడిగేవాడు ఎప్పుడూ డబ్బు గుంజుకునేవాడే అయితే పుస్తకం దాచడమే వ్యాపార లక్షణం అవుతుంది. ఆ సంగతి ఒప్పుకుంటాను. నేను ఒప్పుకోనిది దాని నుంచి వాళ్ళు తీసే ముగింపు. పన్నువాడి కోసం రాసే పద్దు బరువైందని, సరుకు తెచ్చినవాడికి చెప్పాల్సిన పద్దు కూడా మానేస్తామంటే ఎలా?

పన్ను చట్టం రైతుకు దయ చూపిన చోట కూడా ఇదే జరిగింది. రోజుకు ఒకరికి 10,000 రూపాయలకు మించి నగదిస్తే దాన్ని ఖర్చుగా ఒప్పుకునేది లేదంది 1961 చట్టం 40ఎ(3) సెక్షను. పండించినవాడికి ఇచ్చే డబ్బుకి మాత్రం 6డిడి నియమం మినహాయింపునిచ్చింది. రైతుకు బ్యాంకు దూరమనే సదుద్దేశమే. పత్తిలో ఫలితం చూడండి. జిన్నింగు మిల్లు నుంచి నూలు మిల్లుకీ, అక్కణ్ణించి కోయంబత్తూరుకీ, ప్రతి చేతికీ కాయితం ఉంది. మొదటి చేతికే లేదు.

జీఎస్టీ దగ్గర ఇంకా తమాషా. 2017 నవంబరు నుంచి రైతు దగ్గర కొన్న ముడిపత్తి మీద జీఎస్టీ కొన్న మిల్లే కట్టాలి. రైతుకి రిజిస్ట్రేషను ఉండదు కనక తన కొనుగోలుకు తానే ఇన్వాయిస్ రాసుకుంటుంది మిల్లు. ఆ రైతుకి డబ్బిచ్చేటప్పుడు చెల్లింపు వోచరు ఇవ్వాలని కూడా అదే చట్టం, 31వ సెక్షను, చెబుతుంది. పర్చూరు, మార్టూరు, ఇంకొల్లు వైపు నాకు తగిలిన పత్తి రైతుల్లో ఆ వోచరు మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. వాళ్ళ పేరు మీద రాసిన కాయితం ఒకటుందనే వాళ్ళకి తెలీదు.

అందుకే జర్మనీ మాట ఎత్తుతాను. నవ్వుకోకండి. గుంటూరుకు ఆ దేశంతో పాత చుట్టరికమే. 1842లో ఇక్కడికొచ్చి బళ్ళు పెట్టిన లూథరన్ మిషనరీ హేయర్ పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. జర్మనీ వర్తక స్మృతి 1900 జనవరి 1న అమల్లోకొచ్చింది. పెద్ద కంపెనీల కోసం పుట్టింది కాదు, దాని మొదటి సెక్షనే వర్తకుడు అంటే ఎవరు అని మొదలవుతుంది. వర్తకుడివైతే పద్దు రాయాలి అంటుంది 238వ సెక్షను. వర్తకుడు అనిపించుకోవడంలోనే అది ఒక భాగం. పన్ను చట్టం తర్వాత వచ్చి, ఆ పుస్తకాన్ని తనకూ చూపించమంటుంది. మన దగ్గర బండి వెనక గుర్రం ఉంటే, అక్కడ సరిగ్గా దానికి తలకిందులు.

ఎలా రాయాలో చెప్పిన తీరు నాకు మా నాన్నను గుర్తు చేసింది. తెలిసిన మూడోమనిషి ఒకడు వచ్చి పుస్తకం తిప్పితే సహేతుకమైన సమయంలో వ్యాపారం స్థితి అతనికి అర్థం కావాలట. మూడోమనిషి! తాను చదువుకుంటే చాలదు, ఆడిటరు చదివితే చాలదు. 239లో ఇంకోటి: పద్దును దిద్దితే అసలు ఏముండేదో కనపడకుండా దిద్దకూడదు. పట్నంబజారు గుమాస్తాకి ఈ సంగతి ఏ సెక్షనూ చెప్పలేదు. చెప్పుకొచ్చింది వృత్తి. అందుకే "ఇదంతా తెల్లవాడి పద్ధతి, మన నేలకి అతకదు" అనేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. చిట్టా ఆవర్జాలు మనవే. మనం మానేసిన పద్ధతిని పరాయిదంటున్నాం.

కమీషను ఏజెంటు గురించి ఆ స్మృతిలో ఒక అధ్యాయమే ఉంది, 383 నుంచి. తన పేరు మీద, పరాయివాడి లెక్కలో సరుకు కొనిపెట్టేవాడు, అమ్మిపెట్టేవాడు అని దాని నిర్వచనం. మన యార్డులో కొట్టును చూసి రాసినట్టుంటుంది. 384 అతన్ని ఏం అడుగుతుందంటే, అమ్మిన వెంటనే సరుకుగలవాడికి కబురు చెప్పాలి, లావాదేవీ మొత్తానికి లెక్క అప్పజెప్పాలి, వచ్చిందంతా ఇచ్చేయాలి. 387 ప్రకారం చెప్పిన ధరకన్నా మంచి ధర పలికితే ఆ లాభం సరుకుగలవాడిదే. అన్నిటికన్నా పదునైనది 384లో మూడో ఉపసెక్షను. అమ్మానని కబురు చెప్పేటప్పుడే ఎవరికి అమ్మాడో పేరు చెప్పకపోతే, కొన్నవాడు ఎగ్గొట్టినా డబ్బు కట్టాల్సింది ఏజెంటే.

కొన్నవాడి పేరు మన చీటీలో ఉండదన్నాను కదా. యార్డులో ప్రతి రెండు మూడేళ్ళకోసారి ఎవడో ఒక కొనుగోలుదారు డబ్బెగ్గొట్టి మాయమవుతాడు. అప్పుడు రైతులు కొట్ల ముందు బైఠాయిస్తారు. "కొన్నవాడు ఇవ్వలేదు, మేమెక్కణ్ణించి తెచ్చేది?" అంటుంది కొట్టు. రేటు పలికినరోజు లేని పేరు ఎగ్గొట్టినరోజు హఠాత్తుగా పుట్టుకొస్తుంది.

మన చట్టంలోనూ ఉంది కదా అంటారు. ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం 213వ సెక్షను, ఏజెంటు సరైన లెక్క చెప్పాలంటుంది, అడిగినప్పుడు. ఆ ఒక్క మాటలోనే చిక్కుంది. అడగాల్సినవాడి ఖాళీ నోటు అడిగించుకోవాల్సినవాడి బీరువాలో ఉంది. ఎవడడుగుతాడు? వచ్చే ఆగస్టులో మళ్ళీ అదే గడప తొక్కాలి. అడిగినా అడక్కపోయినా చెప్పి తీరాలి అనడానికీ, అడిగితే చెప్పాలి అనడానికీ మధ్య ఉన్న దూరం గుంటూరుకీ హాంబర్గుకీ మధ్య ఉన్న దూరమంత.

ఇప్పుడు చిన్నవాడి మాట. చిన్న కొట్టు మీద ఇంత భారమా అన్న ప్రశ్నకి జర్మన్లు మనకంటే మెరుగైన జవాబే చెప్పుకున్నారు. సాగు చేసేవాడు తానుగా నమోదు చేయించుకుంటే తప్ప వర్తకుడి కిందికే రాడు, కనక రైతు మీద ఏ పుస్తకమూ పడదు. ఒంటి యజమాని అమ్మకాలు ఏడాదికి 8 లక్షల యూరోలు, లాభం 80 వేలు దాటకుండా వరసగా రెండేళ్ళుంటే, 2024 నుంచి ఉన్న పరిమితి ఇది, 241ఎ కింద పూర్తి పద్దుపుస్తకాల బాధ్యత నుంచి తప్పించుకోవచ్చు. ఇక్కడొక కీలకముంది. 383 రెండో భాగం ప్రకారం, వర్తకుడనిపించుకునేంత పెద్దవాడు కాకపోయినా కమీషన్ ఏజెంటు మాత్రం సరుకుగలవాడికి లెక్క చెప్పాల్సిందే. చిన్నవాడికి పుస్తకం బరువు తగ్గించారు గానీ, ఎదుటివాడికి చెప్పాల్సిన లెక్కని తగ్గించలేదు. మనం వ్యవహారం తిరగేశాం. పన్ను చట్టం నుంచి ఎలా తప్పుకోవాలో నేర్చుకుని, ఆ ఊపులో రైతుకు చెప్పాల్సిన లెక్క నుంచీ తప్పుకున్నాం.

పుస్తకాలుంటే మోసాలుండవా అని ఎద్దేవా చేసేవాళ్ళున్నారు. సత్యం కంప్యూటర్స్‌కి పుస్తకాలు లేవా? 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం రాసేదాకా, లేని 5,040 కోట్లు ఉన్నట్టు చూపింది ఆ పుస్తకాలే. జర్మనీలో 2020 జూన్‌లో వైర్‌కార్డ్ కూలింది, 190 కోట్ల యూరోలు లేవని తేలింది. నిజమే. కానీ ఆ రెండు మోసాలకీ లెక్క తేలింది ఎలా? పుస్తకంలో ఫలానా ఖాతాలో ఇంత ఉందని రాసి ఉంది కాబట్టి, ఆ ఖాతాలో ఉందో లేదో చూడగలిగారు కాబట్టి. రాసిన అబద్ధానికి చిరునామా ఉంటుంది. మా మామయ్య 42 కిలోల మిరపకాయలకి చిరునామా లేదు.

వర్తకుల వాదంలో నాకు కష్టమనిపించే భాగం ఇంకోటుంది, దాన్ని దాటవేయను. బ్యాంకు మేనేజరు తిప్పి పంపిన కౌలు రైతుకి ఆగస్టులో డబ్బిచ్చేది ఆ కొట్టే. పట్టా లేదు, పాసుపుస్తకం లేదు, 2019 చట్టం కింద కౌలు కార్డు తెచ్చుకోవాలంటే భూమిగలవాడు సంతకం పెట్టాలి, అతను పెట్టడు. ఆ కౌలు రైతుకి వ్యాపారి ఒక్కడే బ్యాంకు. ఆ బ్యాంకు మూతపడితే? ఈ భయం నాకూ ఉంది. కానీ లెక్క రాస్తే అప్పు పుట్టదనడం ఎలా పొసుగుతుంది? అప్పు వైపు లెక్క ఎప్పటినుంచో రాస్తూనే ఉన్నారు కదా, రోజుల వడ్డీతో సహా. అమ్మకం వైపు రాయమంటే అప్పు ఎందుకు ఆగుతుంది? ఆగిందీ అంటే, అప్పు మీద వచ్చే లాభం వడ్డీలో కాక తరుగులో ఉందని ఒప్పుకున్నట్టే.

1987-88లో తెల్లదోమ తిన్న పత్తి చేలు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ఎంతమంది ఇళ్ళు కూల్చాయో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది తర్వాత మా నాన్న పనిచేసే కొట్టుకి ఒకావిడ వచ్చింది. భర్త పోయాడు. యజమాని దగ్గర 18,000కి నోటుంది. ఆవిడ పుస్తెలు మూటగట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. యజమాని ఏమీ అనలేదు, మా నాన్న వైపు చూశాడు. నాన్న ఆవర్జా తీసి ఆయన పేరున్న పుట తిప్పి ఒక్కొక్క జమా పైకి చదివాడు. రెండేళ్ళలో మధ్యమధ్య పత్తి తోలినప్పుడు పడ్డ జమలు. పోగా మిగిలింది 6,400. నోటు మీద మాత్రం అవేవీ చెల్లువేసి లేవు. పుట ఆవిడవైపు తిప్పి చూపించాడు; ఆవిడకి చదవడం రాదు, వెంటవచ్చిన కుర్రాడు చదివాడు. పుస్తెలు మూటలోనే వెళ్ళిపోయాయి. ఆ యజమాని మంచివాడు, నేను కాదనను. కానీ ఆ రోజు ఆవిణ్ణి కాపాడింది ఆయన మంచితనం ఒక్కటే అయితే, పక్క కొట్టువాడి మంచితనం మీద ఆధారపడ్డవాళ్ళ సంగతేమిటి? పుట ఉంది కాబట్టి మంచితనానికి ఒక లెక్క దొరికింది.

ఇదే నేలలో ఇంకో పంట ఉదాహరణ ఉంది, అందరి కళ్ళముందే. పొగాకు. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చింది, 1985 నుంచి మన దగ్గర వర్జీనియా పొగాకుకి వేలం కేంద్రాలు నడుస్తున్నాయి. ఒంగోలులోనో కొండపిలోనో బేలు పెడితే దాని నంబరు, గ్రేడు, బరువు, ధర, కొన్న కంపెనీ పేరు అన్నీ కాయితం మీదికొస్తాయి, డబ్బు ఖాతాలో పడుతుంది. ధర నచ్చక వేలం ఆపిన రోజులున్నాయి, ధర్నాలున్నాయి. కానీ ఎవరు కొన్నారని రైతు అడుక్కోవాల్సిన పని లేదు. దీని పక్కనే, అదే ఊళ్ళో, అదే రైతు వేసే బర్లీ రకం పొగాకుకి ఆ వేలం లేదు. 2025లో బర్లీ రైతులకి ఏమైంది? వేయండి, కొంటామన్న కంపెనీల నోటిమాట మీద పర్చూరు వైపు ఎకరాలకెకరాలు వేశారు. ధర పడిపోయింది, మాట పొగలో కలిసిపోయింది. చివరికి మార్క్‌ఫెడ్ చేత ప్రభుత్వమే కొనిపించాల్సొచ్చింది. ఒకే నేల, ఒకే రైతు. ఒక పంటకి కాయితం, ఇంకో పంటకి నమ్మకం.

మిర్చికీ ప్రభుత్వ సాయం వస్తుంటుంది, ధర కుప్పకూలినప్పుడు. 2017లో కేంద్రం క్వింటాలుకి 5,000 చొప్పున కొనుగోలు పథకం ప్రకటించింది, రాష్ట్రం 1,500 అదనం ఇస్తానంది. 2025 ఫిబ్రవరిలో 11,781 రూపాయల ధర నిర్ణయించి, అంతకు తక్కువకి అమ్మినవాళ్ళకి తేడా కడతామంది కేంద్రం. తక్కువకి అమ్మానని రుజువేది? సంతకం లేని చీటీ. మా మామయ్యకి పలికిన 10,800 ఆ చీటీ మీదే ఉంది, ఏ పుస్తకంలో ఉందో ఆయనకి తెలీదు.

కొట్టు ఐపీ పెట్టినప్పుడు ఈ నమ్మకం అసలు రంగు తెలుస్తుంది. ఐపీ అన్న రెండక్షరాలు మన జిల్లాల్లో పొలాల్లోకి కూడా పాకాయి. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అని విడమరిస్తే అర్థం కానివాళ్ళకి కూడా ఐపీ అర్థమవుతుంది. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం 42వ సెక్షను ఒక మాటంటుంది. దివాలాకి ముందు మూడేళ్ళలో, చేసే వ్యాపారానికి తగ్గ మామూలు పుస్తకాలు రాయకపోతే అతనికి పూర్తి విడుదల ఇవ్వకూడదు. అంటే వర్తకుడు పుస్తకం రాయాలని మన చట్టానికి తెలుసు, చచ్చాక అడుగుతుంది. రైతుల బాకీ జాబితాలో ఎవరి పేరుందో ఎవరి పేరు లేదో ఆ పుస్తకమే చెప్పాలి. అప్పటికి ఆ పుస్తకం ఏ బజ్జీల బండి దగ్గరో పొట్లాలవుతుంటుంది. జర్మనీలో వోచర్లని 8 ఏళ్ళు, పుస్తకాలని 10 ఏళ్ళు దాచాలి. పుస్తకం రాయకుండా, లేదా అర్థం కాకుండా రాసి, దివాలా తీస్తే అక్కడి శిక్షాస్మృతి 283బి కింద అది నేరం.

నేను కోరేదేమీ పెద్దది కాదు. జర్మన్ చట్టాన్ని గంపగుత్తగా దించుకోమనడంలేదు, యార్డు ముందు జర్మన్ జెండా ఎగరేయమనడంలేదు. చీటీలో తొమ్మిదో పదో గళ్ళు కావాలి. కొట్టు పేరు, తేదీ, కాటా మీద వచ్చిన బరువు, గోనె బరువు విడిగా, తరుగు ఉంటే ఎంతో విడిగా, ధర, ఖర్చులు పద్దువారీగా, కొన్నవాడి పేరు, సంతకం. కింద కార్బన్ కాగితం. ఒకటి రైతుకి, ఒకటి కొట్టుకి. పన్ను ఆఫీసరుకి మూడో ప్రతి ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత కొట్లాడుకుందాం. అది వేరే కొట్లాట.

ఆ రోజు యార్డులో మామయ్య చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకోబోతుంటే ఆపాను. "కొన్నదెవరో అడుగు మామయ్యా."

"ఎందుకు లేరా" అన్నాడు. అయినా గద్దె వైపు తిరిగి అడిగాడు. "కాయలు ఎవరు తీసుకున్నారు బాబూ?"

"అది నీకెందుకు బాబాయ్? కొన్నవాడు ఇచ్చినా ఇవ్వకపోయినా నీ డబ్బులు నేనిస్తాగా." ఈ మాట మనసులోంచే వచ్చింది, మొహంలో అబద్ధం లేదు. నాకు మాత్రం 384 మూడో ఉపసెక్షను తెలుగులో వింటున్నట్టనిపించింది.

"ఆ ముక్క చీటీ మీద రాసివ్వండి, చాలు" అన్నాను.

గద్దె మీద పెద్దమనిషి నావైపు, మామయ్య వైపు, చీటీ వైపు చూశాడు. చొక్కా జేబు తడుముకున్నాడు. "పెన్ను లేదయ్యా ఇప్పుడు" అన్నాడు.

జేబులో రెండున్నాయి.